రిపోర్టు కింద సంతకం ఎవరిది? ప్రభుత్వ ఆరోగ్య బీమాలో పాథాలజిస్టు స్థానం

క్లుప్తంగా: క్యాన్సర్ లాంటి జబ్బుల్లో చికిత్స మొదలయ్యేది పాథాలజిస్టు, అంటే శరీరం నుంచి తీసిన ముక్కను పరీక్షించి జబ్బు ఏదో తేల్చే డాక్టరు, ఇచ్చే రిపోర్టుతోనే. ఆ సంతకానికి ఉండాల్సిన అర్హతపై దేశంలో 2017 నుంచి కోర్టు తీర్పు, ఆ తర్వాత నిబంధనలు, సడలింపులు వచ్చాయి. అయినా ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ లాంటి పథకాల్లో పాథాలజిస్టు పనికి విడిగా లెక్క లేదు. ఆసుపత్రికి ఇచ్చే ప్యాకేజీలో అది కలిసిపోతుంది. అమెరికాలోని ప్రభుత్వ బీమా మెడికేర్ ఇదే పనిని పాథాలజిస్టు పేరు మీద విడిగా గుర్తించి చెల్లిస్తుంది. ఈ తేడా రోగికి ఇచ్చే రిపోర్టు నాణ్యతనూ, అతని జేబునూ ఎలా తాకుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

రొమ్ములో గడ్డతో ఒక మహిళ జిల్లా కేంద్రంలోని ఆసుపత్రికి వస్తుంది. సర్జన్ పరీక్షించి, సూదితో చిన్న ముక్క తీసి పంపుతారు. కొన్ని రోజులకు ఒక కాగితం వస్తుంది. అది క్యాన్సరా కాదా, అయితే ఏ రకం, హార్మోన్ మందులు పనిచేస్తాయా అన్నది ఆ కాగితమే తేలుస్తుంది. ఏ ఆపరేషన్ చేయాలి, కీమో ముందా తర్వాతా, ఆరోగ్యశ్రీలో అనుమతి వస్తుందా అన్న ప్రశ్నలకూ జవాబు అందులోంచే రావాలి. ఆ కాగితం కింద సంతకం చేసిన డాక్టరును మాత్రం ఆమె ఎన్నడూ చూడదు. పేరు కూడా చదవదు. సర్జన్‌ను నలుగురినీ అడిగి ఎంచుకుంటారు గానీ పాథాలజిస్టును ఎంచుకునే రోగి దాదాపు ఉండడు. అందుకే ఆ సంతకం విలువను కాపాడే బాధ్యత చట్టం మీదా, డబ్బు చెల్లించే బీమా పథకం మీదా పడుతుంది.

ముక్క పరీక్షలో ఏం జరుగుతుంది

ల్యాబ్ అనగానే రక్తం పోసిన గొట్టాలు, వాటిని చదివే యంత్రాలు గుర్తొస్తాయి. షుగరు, కొలెస్టరాల్ లాంటి పరీక్షల్లో యంత్రం అంకె ఇస్తుంది. ఆ అంకె సరిగా రావాలంటే యంత్రాన్ని సరిచూసే పద్ధతి, శిక్షణ పొందిన టెక్నీషియన్, పర్యవేక్షించే నిపుణుడు ఉండాలి. ముక్క పరీక్ష (బయాప్సీ) అలా కాదు. తీసిన కణజాలాన్ని, అది పాడవకుండా ఉంచే ఫార్మాలిన్‌లో వేస్తారు. పాథాలజిస్టు దాన్ని కంటితో చూసి, కోసి, ఏ భాగాలను పరీక్షించాలో ఎంపిక చేస్తారు. వాటిని మైనంలో దిమ్మగా పోసి, మూడు నుంచి అయిదు మైక్రాన్ల మందాన పొరలుగా కోసి, రంగులద్ది మైక్రోస్కోపు కింద పెడతారు. అక్కడ అంకె ఏదీ రాదు. కణాల ఆకారం, అమరిక చూసి ఒక మనిషి నిర్ణయం చెప్పాలి.

తప్పుకు ఆస్కారం అడుగడుగునా ఉంది. ముక్కను ఫార్మాలిన్‌లో వేయడం ఆలస్యమైతే హార్మోన్ మందులు పనిచేస్తాయా అన్నది చెప్పే హార్మోన్ గ్రాహకాల పరీక్ష ఫలితం తారుమారు కావచ్చు. గడ్డ అంచుల నుంచి సరైన భాగం తీసుకోకపోతే, క్యాన్సర్ పూర్తిగా తొలగిందో లేదో తెలియదు. వీటన్నిటికీ బాధ్యుడు పాథాలజిస్టే. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీ పాథాలజీ గానీ, దానికి సమానమైన డీఎన్‌బీ గానీ చేసినవారు ఈ పనికి తయారవుతారు. రెండేళ్ల డిప్లొమా చేసినవారూ ఉన్నారు. డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ లాంటి ల్యాబ్ కోర్సులు చదివిన టెక్నీషియన్లు లేకుండా ఏ ల్యాబూ నడవదు. వారి వృత్తికి 2021లో జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం గుర్తింపు కూడా ఇచ్చింది. పరీక్ష చేయడం వారి పని. జబ్బు ఇదీ అని తేల్చి చెప్పడం వేరే చదువు, వేరే బాధ్యత.

2017 తీర్పు, 2020 సడలింపు

ఈ గీత ఎక్కడుందన్న వివాదం గుజరాత్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. టెక్నీషియన్లు సొంతంగా ల్యాబ్‌లు పెట్టి, వారే సంతకం చేసి రిపోర్టులు ఇవ్వవచ్చా అన్నది ప్రశ్న. పాథాలజీలో పీజీ చేసిన, వైద్య మండలిలో నమోదైన డాక్టరు మాత్రమే రిపోర్టుపై సంతకం చేయాలని 2017 డిసెంబరు 12న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

తర్వాతి ఏడాది మే నెలలో కేంద్రం ఆసుపత్రులు, ల్యాబ్‌ల నమోదుకు సంబంధించిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింది నిబంధనలను సవరించి, ల్యాబ్‌లను చిన్నవి, మధ్యస్థాయివి, ఉన్నతస్థాయివి అని మూడు తరగతులు చేసింది. 2020 ఫిబ్రవరిలో మళ్లీ సవరణ వచ్చింది. ప్రాథమిక పరీక్షలు చేసే చిన్న ల్యాబ్‌లో ఎంబీబీఎస్ డాక్టరు సంతకం చేయవచ్చు. తమ విభాగం పరీక్షలకు బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివిన శాస్త్రవేత్తలు కూడా సంతకం పెట్టవచ్చు గానీ, వైద్యపరమైన అభిప్రాయం రాయకూడదు.

ఈ సడలింపును కొందరు పాథాలజిస్టులు తీర్పుకు తూట్లు పొడవడంగా చూశారు. పల్లెల్లో పాథాలజిస్టులు దొరకరు కాబట్టి తప్పదని ప్రభుత్వం వైపు వాదన. నిజానికి రెండూ పూర్తిగా ఢీకొనేవి కావు. హిమోగ్లోబిన్ అంకె మీద సంతకం, ముక్క పరీక్ష మీద సంతకం ఒకే తూకానికి రావు. గొడవంతా సామాన్యుడికి ఆ తేడా తెలియకపోవడంలో ఉంది. రెండు రిపోర్టులూ ఒకే ల్యాబ్ పేరుతో, ఒకే రంగు కాగితం మీద వస్తాయి.

పైగా ఈ నిబంధనలు దేశమంతటా ఒకేలా అమలు కావు. వీటికి మూలమైన 2010 నాటి ఆ కేంద్ర చట్టం దాన్ని స్వీకరించిన రాష్ట్రాల్లోనే వర్తిస్తుంది. తెలంగాణ దాన్ని స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి రాష్ట్రం 2002లో చేసిన ప్రైవేటు వైద్య సంస్థల నమోదు చట్టం ఉంది. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్లలో ల్యాబ్ పెట్టాలంటే చూడాల్సిన చట్టాలే వేరు.

క్షేత్రస్థాయిలో అన్నిటికంటే పెద్ద సమస్య అర్హత లేకపోవడం కంటే అర్హత గల సంతకం అద్దెకు పోవడం. ఒకే పాథాలజిస్టు పేరు అనేక ల్యాబ్‌ల రిపోర్టుల మీద స్కాన్ చేసిన సంతకంగా కనబడుతుంది. ఆ డాక్టరు అక్కడికి వచ్చిందీ, స్లైడు చూసిందీ రోగి తేల్చుకోలేడు. ప్రిస్క్రిప్షన్, సర్టిఫికెట్, రసీదులపై డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు వేయాలని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోంది. ఆ నంబరు ఉంటే డాక్టరు నిజమా కాదా అన్నది తెలుస్తుంది. ఆ రోజు ఆ స్లైడును ఆయనే చూశారా అన్నది ఆ నంబరు చెప్పలేదు. అది తెలియాలంటే డబ్బు చెల్లించేవారు అడగాలి.

ప్యాకేజీలో కలిసిపోయిన ల్యాబ్

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, పెద్ద జబ్బులకు ప్రైవేటు ఆసుపత్రి తలుపు తెరిచింది. తెలంగాణలో 2023 డిసెంబరులో చికిత్స ఖర్చు పరిమితి రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. 2018 సెప్టెంబరు 23న రాంచీలో మొదలైన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు చూస్తుంది.

ఈ పథకాలన్నిటి నిర్మాణం ఒకటే. ఒక చికిత్సకు ఒక ధర. బెడ్డు, నర్సింగ్, మందులు, మత్తు, ఆపరేషన్ థియేటర్, భోజనం, పరీక్షలు అన్నీ అందులోనే. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీ చేరడానికి మూడు రోజుల ముందు నుంచి, ఇంటికి పంపాక 15 రోజుల వరకు అయ్యే పరీక్షలు, మందులను కూడా కలుపుకుంటుంది. ఖరీదైన కొన్ని కణజాల (హిస్టోపాథాలజీ) పరీక్షలకు విడిగా పద్దు ఉన్నా అది మినహాయింపే.

ప్యాకేజీ వల్ల రోగికి పెద్ద మేలు జరిగింది. ప్రతి పరీక్షకూ కౌంటరు దగ్గర డబ్బు కట్టే బాధ తప్పింది, అనవసర పరీక్షలకు పగ్గం పడింది. ఆసుపత్రి లెక్కల్లో మాత్రం ల్యాబ్ పాత్ర మారిపోయింది. విడిగా బిల్లు వేసే రోగి విషయంలో ల్యాబ్ ఆదాయం. ప్యాకేజీ రోగి విషయంలో అదే ల్యాబ్ ఖర్చు. ధర ముందే ఖరారై, చెల్లింపులు ఆలస్యమై, బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపే పరిస్థితి పదేపదే వచ్చిన చోట, ఖర్చు తగ్గించుకునే ఒత్తిడి ముందుగా కనబడని పనుల మీదే పడుతుంది. ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్‌ను తగ్గించలేరు. ముక్కను తక్కువ ధర చెప్పిన ల్యాబ్‌కు పంపడం మాత్రం ఎవరికీ కనబడదు.

అర్హత తనిఖీ కూడా ఆసుపత్రి దగ్గరే ఆగుతుంది. పథకంలో చేరేటప్పుడు ఆసుపత్రి తన పడకలు, నిపుణులు, సౌకర్యాలు చూపాలి. ల్యాబ్ సొంతది కావచ్చు, బయటివారితో ఒప్పందం కావచ్చు. క్యాన్సర్ కేసులో బయాప్సీ రిపోర్టు లేకుండా అనుమతి రాదు. అంటే రిపోర్టు తప్పనిసరి పత్రం. కానీ చెల్లింపు వెళ్లేది ఆసుపత్రికి, పథకం లెక్కల్లో నిలిచేది చికిత్స. పాథాలజిస్టు ఫైలుకు జతచేసిన కాగితం కింద ఉన్న ఒక పేరు మాత్రమే. లక్షల రూపాయల చికిత్సకు ఆధారమైన నిర్ణయం ఎవరిదో పథకం దగ్గర విడిగా లెక్క తీయగల రూపంలో ఉండదంటే, తప్పులు ఎక్కడ పోగవుతున్నాయో కనిపెట్టే దారి మూసుకుపోయినట్టే.

ఇంకో లోటు దీనికి ముందే మొదలవుతుంది. ఆయుష్మాన్ భారత్ ఓపీ పరీక్షలకు చెల్లించదు. జబ్బు ఉందో లేదో తేల్చుకునే దశలో ఖర్చు రోగిదే. తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఈ లోటును కొంత పూడ్చే ప్రయత్నం. 2018లో హైదరాబాద్‌లో మొదలై, బస్తీ దవాఖానాలు, పీహెచ్‌సీల్లో నమూనాలు తీసి కేంద్ర ల్యాబ్‌కు పంపే పద్ధతిలో మొదట 57, తర్వాత 134 రకాల పరీక్షలు ఉచితంగా చేస్తోంది. నిపుణులు తక్కువగా ఉన్న చోట వారిని ఒక దగ్గర ఉంచి, నమూనాలను వారి దగ్గరికి నడిపించడం సడలింపుల కంటే తెలివైన మార్గం.

మెడికేర్ లెక్క వేరు

అమెరికాలో 65 ఏళ్లు దాటినవారికి 1965లో వచ్చి, తర్వాత కొందరు వికలాంగులకూ విస్తరించిన ప్రభుత్వ బీమా మెడికేర్. అక్కడ ప్రతి డాక్టరుకూ ఎన్‌పీఐ అనే పది అంకెల గుర్తింపు ఉంటుంది. ప్రజలెవరైనా ఇంటర్నెట్‌లో వెతికి చూడవచ్చు. పేరు, చిరునామా, పాథాలజీ అని సూచించే కోడు కనిపిస్తాయి. దీన్ని చాలామంది అర్హత పత్రంగా పొరబడతారు. ఎన్‌పీఐ వివరాలు డాక్టరు తానే ఇచ్చేవి. అది గుర్తింపు నంబరే గానీ నైపుణ్యానికి హామీ కాదు.

అర్హత మూడు వేర్వేరు చోట్ల తేలుతుంది. వైద్యం చేయడానికి అనుమతి రాష్ట్ర లైసెన్సు. ఆ స్పెషాలిటీలో పరీక్ష నెగ్గారన్నదానికి 1936లో ఏర్పడిన అమెరికన్ బోర్డ్ ఆఫ్ పాథాలజీ సర్టిఫికెట్. కణజాల విభాగం, ల్యాబ్ విభాగం రెండింటిలోనూ సర్టిఫికెట్ కావాలంటే నాలుగేళ్ల రెసిడెన్సీ (ఆసుపత్రిలో శిక్షణ) చేయాలి. 2006 నుంచి ఇచ్చే సర్టిఫికెట్లు జీవితకాలానివి కావు, నిలబెట్టుకుంటూ ఉండాలి. మూడోది ల్యాబ్‌కు సంబంధించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను పసిగట్టే పాప్ స్మియర్ పరీక్షల్లో తప్పులు బయటపడ్డాక 1988లో తెచ్చిన క్లియా చట్టం ప్రతి ల్యాబ్‌కూ సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది. కణ పరీక్షల స్లైడులు చూసే వ్యక్తికి 24 గంటల్లో 100 స్లైడులు మించకూడదన్న పరిమితి కూడా అందులోనిదే. క్లియా సర్టిఫికెట్ లేని ల్యాబ్‌కు మెడికేర్ పైసా ఇవ్వదు. ఆంధ్ర, తెలంగాణల్లో ఎండీ పాథాలజీ చేసి వెళ్లినవారు కూడా సాధారణంగా యూఎస్ఎంఎల్ఈ అనే అమెరికా వైద్య లైసెన్సు పరీక్షలు రాసి, అక్కడి రెసిడెన్సీని మొదటి నుంచి చేయాల్సిందే.

వీటి తర్వాత మెడికేర్‌లో విడిగా పేరు నమోదు చేసుకోవాలి. అక్కడ డాక్టరు ముందు మూడు దారులు. మెడికేర్ ఆమోదించిన ధరే పూర్తి ధర అని ఏడాది పొడవునా ఒప్పుకోవడం ఒకటి. దీన్నే అసైన్‌మెంట్ అంగీకరించడం అంటారు. పేరు నమోదు చేసుకుని, కేసును బట్టి ఒప్పుకోవడం రెండోది. పూర్తిగా బయటికి వెళ్లి, రెండేళ్లపాటు రోగులతో సొంత ఒప్పందాలు చేసుకోవడం మూడోది. రోగిని ముఖాముఖి కలవని పాథాలజిస్టుకు ఈ మూడో దారి దాదాపు పనికిరాదు, ఒప్పందం మీద సంతకం పెట్టించుకునే సందర్భమే రాదు.

తేడా డబ్బులో ఇలా కనబడుతుంది. ఒక స్లైడు చదివినందుకు ఆమోదిత ధర 100 డాలర్లు అనుకుందాం. మెడికేర్‌లో డాక్టర్ల ఫీజులు, ఓపీ సేవలను చూసే పార్ట్ బీలో ఏడాదికొకసారి రోగి భరించే మొదటి మొత్తం, 2025లో 257 డాలర్లు, అప్పటికే తీరిపోయి ఉంటే, మొదటి దారిలో ఉన్న డాక్టరుకు మెడికేర్ 80 ఇస్తుంది, రోగి 20 కడతాడు. రెండో దారిలో ఉన్నవారికి ఆమోదిత ధర 95కు తగ్గుతుంది. ఈ కేసుకు ఒప్పుకోకపోతే దానిపై 15 శాతం వరకు అదనంగా, అంటే 109.25 డాలర్ల దాకా అడగవచ్చు. మెడికేర్ నుంచి వచ్చేది 95లో 80 శాతం, 76 డాలర్లు. మిగిలిన 33.25 రోగి మీద పడుతుంది. రక్త పరీక్షల సంగతి మళ్లీ వేరు. మెడికేర్ ఆమోదించిన ల్యాబ్ పరీక్షలకు రోగి సాధారణంగా ఏమీ కట్టక్కర్లేదు, అసైన్‌మెంట్ తప్పనిసరి.

అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఈ లెక్క అవసరం పడేది ఎక్కువగా తల్లిదండ్రుల విషయంలో. 65 దాటి, గ్రీన్‌కార్డుతో వరుసగా అయిదేళ్లు అక్కడ నివసించినవారు ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరవచ్చు. అమ్మకో నాన్నకో చిన్న బయాప్సీ జరిగితే ఇంటికి రెండు మూడు బిల్లులు రావడం చూసి మోసమేమోనని కంగారుపడతారు. ముక్కను సిద్ధం చేసే సాంకేతిక పనికి ఒక చెల్లింపు, దాన్ని చదివి నిర్ణయం చెప్పే డాక్టరు పనికి మరో చెల్లింపు ఉండటమే కారణం. మామూలు బయాప్సీలు చాలావరకు 88305 అనే కోడు కింద వస్తాయి, దానికే ఈ రెండు భాగాలుంటాయి. తెలియని పేరుతో వచ్చిన బిల్లు ఆ స్లైడు చదివిన పాథాలజిస్టుది కావచ్చు.

పేరు పెట్టి చెల్లిస్తే అన్నీ సరిపోతాయా

సరిపోవు. పనికి ధర కడితే పని పెరుగుతుంది. తమ క్లినిక్‌లోనే పాథాలజీ ల్యాబ్ పెట్టుకున్న అమెరికా డాక్టర్లు ఇతరుల కంటే ఎక్కువ ముక్కలు పరీక్షకు పంపుతున్నారని ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2013లో తేల్చింది. 2010 ఒక్క ఏడాదిలో ఇలా 9.18 లక్షలకు పైగా అదనపు పరీక్షలు జరిగి, మెడికేర్‌పై దాదాపు 6.9 కోట్ల డాలర్ల భారం పడిందని అంచనా వేసింది. ప్రైవేటు బీమా ఉన్నవారికి నెట్‌వర్క్‌లో లేని పాథాలజిస్టు పేరుతో వచ్చే పెద్ద బిల్లులను ఆపడానికి 2022 జనవరి నుంచి ప్రత్యేక చట్టమే అమలు చేయాల్సి వచ్చింది.

అయితే ఈ వివరాల్లోనే మెడికేర్ పద్ధతి బలమూ ఉంది. 9.18 లక్షలు అన్న లెక్క ఎలా వచ్చింది? ప్రతి ముక్కా ఎవరు పంపారు, ఎవరు చదివారు అన్నది నంబర్లతో సహా నమోదై ఉండటం వల్ల. ప్యాకేజీ పద్ధతిలో అవసరమైన పరీక్ష చేయకుండా వదిలేస్తే, ఆ లేమిని లెక్కించే పట్టికే ఉండదు. ఒకచోట తప్పు అతిగా జరుగుతుంది, కనబడుతుంది. రెండోచోట కొరతగా జరుగుతుంది, కనబడదు. తెలుగు రాష్ట్రాల పథకాలకు ప్యాకేజీని వదిలేయాల్సిన అవసరం లేదు. ప్యాకేజీ లోపల పాథాలజిస్టు పేరు నమోదయ్యేలా చేస్తే చాలా దూరం వెళ్లవచ్చు.

దానికి కావాల్సిన సరంజామా చాలావరకు సిద్ధంగానే ఉంది. 2021 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో డాక్టర్లకు గుర్తింపు నంబరిచ్చే రిజిస్ట్రీ ఉంది. 2024 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ దేశవ్యాప్త డాక్టర్ల రిజిస్టరు పోర్టల్‌ను తెరిచింది. క్లెయిమ్‌కు జతచేసే ప్రతి బయాప్సీ రిపోర్టుకూ ఆ నంబరును తప్పనిసరి చేస్తే, ఒకే సంతకం ఒకే రోజు ఎన్ని జిల్లాల్లో పడిందో కంప్యూటరే చెబుతుంది.

నాణ్యతకు ధర కట్టే నమూనా కూడా దేశంలోనే ఉంది. కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్ఎస్ పథకం చాలాకాలంగా గుర్తింపు పొందిన సంస్థలకు ఒక రేటు, లేనివాటికి సుమారు 15 శాతం తక్కువ రేటు అమలు చేస్తోంది. ల్యాబ్‌లకు ఆ గుర్తింపు, ల్యాబ్‌ల నాణ్యతను తనిఖీ చేసే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ ఇస్తుంది. అది ల్యాబ్ మొత్తానికి ఇచ్చే ముద్ర కాదు, ఏయే పరీక్షలకో జాబితా ఉంటుంది. బోర్డు మీద ఎన్ఏబీఎల్ అని ఉన్నా, ముక్క పరీక్ష ఆ జాబితాలో ఉందో లేదో విడిగా చూడాలి. ఇలాంటి రేటు తేడాను తెలుగు రాష్ట్రాల్లో తొందరపడి తెస్తే చిన్న పట్టణాల ల్యాబ్‌లు దెబ్బతినే ప్రమాదం ఉంది. స్లైడును స్కాన్ చేసి దూరాన ఉన్న పాథాలజిస్టుకు పంపే సౌకర్యం వాటికి ముందుగా అందితేనే ఆ నిబంధన న్యాయంగా ఉంటుంది.

రోగి చేతిలో ఉన్న పని

ఇవన్నీ జరిగేలోగా కూడా రోగి కుటుంబం చేయగలిగింది ఒకటుంది. ముక్క పరీక్ష అయిపోయాక మైనపు దిమ్మలు, స్లైడులు ల్యాబ్‌లోనే భద్రంగా ఉంటాయి. రిపోర్టుపై అనుమానం ఉన్నా, ఆసుపత్రి మారుతున్నా వాటిని అడిగి తీసుకోవచ్చు. హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖపట్నం హోమీ భాభా లాంటి క్యాన్సర్ ఆసుపత్రులకు వెళ్లేవారు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే, దిమ్మల కోసం మళ్లీ వెనక్కి రావాల్సి వస్తుంది. పెద్ద ఆసుపత్రుల్లో చికిత్సకు ముందు అక్కడి పాథాలజిస్టు స్లైడులను మళ్లీ తానే చూడటం మామూలు. దిమ్మ దగ్గరుంటే ఆ రెండో పరీక్షకు మళ్లీ సూది గుచ్చక్కర్లేదు.